తల్లి గడిలో ఫోటో

ఏటా ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం పదిరోజుల్లో ఎవరో ఒకరు నన్ను వెతుక్కుంటూ మా బడికి వస్తారు. ఆళ్లగడ్డలో ఒక చిన్న ప్రైవేటు బడిలో పంతులమ్మను నేను. నంద్యాలలో మూడేళ్లు హాస్టల్లో ఉండి డిగ్రీ చదివానని విని, తమ కూతుర్ని ఏ హాస్టల్లో వేస్తే బాగుంటుందో అడగడానికి వస్తారు. అన్నం ఎట్లా పెడతారు, నీళ్లు ఎప్పుడూ వస్తాయా, వార్డెన్ గట్టి మనిషేనా అని అడుగుతారు. తెలిసినంతవరకు చెబుతాను. వాళ్లు లేచి వెళ్లబోయే ముందు ఒక్క మాట కలుపుతాను. పిల్లను చూడ్డానికి వచ్చినవాళ్లు కూర్చునే చోటెక్కడుందో చూసుకుని మరీ చేర్పించండి అంటాను. వాళ్లు మొహమాటంగా తలూపుతారు. ఈ పంతులమ్మకు కొంచెం తిక్క ఉన్నట్టుందని బయటికి వెళ్లాక అనుకుంటారేమో కూడా.

ఆ మాట నాది కాదు. మా అత్తది. ఆమె మొదటిసారి ఆ ప్రశ్న అడిగినప్పుడు నేనూ వాళ్లలాగే చూశాను. నిజం చెప్పాలంటే వాళ్లకంటే అన్యాయంగా చూశాను.

అత్త అంటే మా నాయనకు అక్క. దొర్నిపాడుకు దగ్గర్లోని పల్లె మాది. పెళ్లయిన మూడో ఏటనే మొగుడు వదిలేస్తే ఒక ట్రంకుపెట్టెతో పుట్టింటికి వచ్చేసింది. నాకు రెండేళ్లప్పుడు మా అమ్మ కామెర్లతో చనిపోయింది. అప్పటినుంచి నన్ను సాకింది అత్తే. ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండేది. బడి పిల్లలందరూ ఆమెను అత్తా అత్తా అని పిలిచేవాళ్లు. అందుకని నేను పిలిచే పిలుపులో నాకంటూ ప్రత్యేకం ఏమీ ఉండేది కాదు. దాని మీద చిన్నప్పుడు నాకు చాలా కోపంగా ఉండేది.

మూడు నాలుగేళ్ల వయసులో ఒకసారి ఆమెను అమ్మా అని పిలిచానట. ఆమె నన్ను ఎత్తుకుని గోడకున్న పెళ్లి ఫోటో దగ్గరికి తీసుకుపోయి, తెల్లచీర, తల మీద తెల్లటి ముసుగుతో ఉన్న మా అమ్మను చూపించి, "అమ్మ ఈడ ఉండాది పాపా. నేను అత్తను," అని చెప్పిందట. మా నాయన ఈ సంగతి చాలాసార్లు చెప్పేవాడు. సాయంత్రం ప్రార్థన అయ్యాక రోజూ ఆ ఫోటోకేసి చూపించి, అమ్మకు చెప్పు ఈరోజు ఏం చదివినావో అనేది. ఇంకొకరి చోటు తను తీసుకోవడం ఆమెకు చేతకాదు.

అబద్ధం ఆడడం అంతకంటే చేతకాదు. ఒకసారి బస్సులో కండక్టరు నన్ను చూసి అర టికెట్టు కొట్టబోతే, అడగకముందే, "దీనికి పన్నెండు దాటింది సార్, ఫుల్లు కొట్టు," అంది. బస్సంతా నవ్వింది. నేను సిగ్గుతో చచ్చి, ఆళ్లగడ్డ దాకా కిటికీలోంచి తల లోపలికి తియ్యలేదు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని మా నాయన ఆమెను ఆటపట్టించేవాడు. ఆమె నవ్వి, వినేవాడు పైన ఉన్నాడు కదరా అనేది.

ఇంటర్ ఆళ్లగడ్డలోనే బస్సులో తిరిగి చదివాను. డిగ్రీకి నంద్యాల కాలేజీలో సీటు వచ్చింది. అప్పటికింకా నంద్యాల జిల్లా కాలేదు. రోజూ పోయి రావడం కుదరదు, హాస్టల్లో ఉండాల్సిందే. హాస్టల్ చూడ్డానికి నాయనా నేనూ బయల్దేరుతుంటే, అత్త బడికి సెలవు చెప్పి, ఆదివారం గుడికి, అంటే మా చర్చికి, కట్టుకునే చీర కట్టుకుని అరుగు మీద సిద్ధంగా కూర్చుంది. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు ఈమెందుకని నాయనతో గొణిగాను. అత్తకు వినిపించింది. వినపడనట్టు చెప్పులు వేసుకుంది.

నంద్యాల బస్టాండులో దిగి ఆటో మాట్లాడుకున్నాం. మొదట చూసింది ఒక పెద్దామె తన సొంత ఇంట్లో నడుపుకునే హాస్టల్. పది పన్నెండు మంది పిల్లలు, నేల మీద పరుపులు, తిరిగేటప్పుడు కిర్రుమనే ఫ్యాన్లు, పెరట్లో బాత్రూములు. వంటింట్లోంచి తాలింపు వాసన వస్తోంది. అత్త గదులు చూడలేదు. వంటిల్లు కూడా చూడలేదు, రోజూ వంద మందికి వండే మనిషి. వాకిట్లో నిలబడి ఆ పెద్దామెను ఒకటే అడిగింది.

"పిల్లను చూసేకి వచ్చినోళ్లు యాడ కూచుంటారమ్మా?"

పెద్దామె వాకిట్లో వేపచెట్టు కింద రెండు రాళ్ల మీద పరిచిన పొడుగాటి నాపరాయి బండను చూపించింది. "ఆడనే. ఎప్పుడన్నా రాండి, అడిగేవాళ్లు లేరు," అంది. అత్త పోయి ఆ బండ మీద కూర్చుని చూసింది. పక్కన చోటు అరచేత్తో తట్టి నన్నూ రమ్మంది. నేను పోలేదు. బాత్రూములు పెరట్లో ఉన్నాయని నాయన చెవిలో చెబుతున్నాను.

రెండోది కాలేజీకి దగ్గర్లో నాలుగంతస్తుల భవనం. నేను చేరింది అందులోనే. గదికి నాలుగు ఇనుప మంచాలు, నాలుగు బీరువాలు, గదిలోనే బాత్రూము, నేలంతా తెల్లటి టైల్స్. రోడ్డు వైపు పెద్ద కిటికీ. పిల్లలు రోడ్డుకేసి చూడకుండా దాని అద్దాలకు కింది సగం దాకా ఆకుపచ్చ రంగు పూశారు. ఆ రంగు కూడా నాకు ముద్దుగానే కనిపించింది. ఇంట్లో నాకంటూ మంచం లేదు. ఆ ఇనుప మంచం మీద చెయ్యి వేసి చూసినప్పుడే నా మనసు అక్కడ పడిపోయింది.

అత్త అక్కడ కూడా అదే ప్రశ్న అడిగింది. ఆఫీసులో ఉన్న మేడమ్ తలెత్తకుండా నియమాలు చెప్పింది. నెలకు ఒకసారి, రెండో ఆదివారం మాత్రమే చూడనిస్తారు. అదీ తల్లిదండ్రులకే. వాళ్ల ఫోటోలు కార్డు మీద అతికించి గేటు దగ్గర పెడతారు, ముఖం పోల్చి చూసి ముందు హాలులోకి పంపుతారు. మిగతా ఎవరూ గేటు దాటడానికి లేదు. బయటి తిండి తేకూడదు. పిల్లల దగ్గర ఫోన్లు ఉండకూడదు. మామూలు ఆదివారాల్లో వార్డెన్ ఫోను నుంచి ఇంటికి మాట్లాడనిస్తారు, రెండో ఆదివారం అదీ లేదు. ఇదంతా విని మా నాయన సంతోషపడ్డాడు. ఇంత కట్టుదిట్టంగా ఉంటే ఆడపిల్లకు భయం లేదన్నాడు.

"అయితే వచ్చినోళ్లు కూచునేకి?" అని అత్త మళ్లీ అడిగింది.

ఆ మేడమ్ అప్పుడు తలెత్తి చూసింది. నాకు ఒళ్లు మండిపోయింది. కూర్చోవడానికి వస్తున్నామా, చదువుకోవడానికి వస్తున్నామా అని అత్తను అందరి ముందూ కసురుకున్నాను. బయటికి వచ్చాక ఆ పెద్దామె ఇల్లే బాగుంది పాపా అని ఒక్కసారి మాత్రం అంది. నేను ఇక్కడే చేరతానన్నాను. చేరేది నువ్వు కదా అని ఊరుకుంది.

ఆఫీసు ఇచ్చిన దరఖాస్తు ఇంటికి తెచ్చుకున్నాం. దాని కింద రెండు గడులు. ఒకదాని మీద తండ్రి అనీ, ఇంకోదాని మీద తల్లి అనీ అచ్చువేసి ఉంది. మా నాయన కాగితానికి భయపడే మనిషి. తల్లి అని ఉంటే తల్లి ఫోటోనే పెట్టాలి, వేరేది పెడితే రేపు ఏమన్నా అంటారని గోడ మీది పెళ్లి ఫోటో విప్పి, ఆళ్లగడ్డలో స్టూడియోకు తీసుకుపోయాడు. స్టూడియో అతను అందులోంచి మా అమ్మ ముఖం మటుకు కత్తిరించి, వెనక నీలిరంగు వేసి, ఎనిమిది కాపీలు తీసి ఇచ్చాడు. ముసుగు అంచు తల చుట్టూ కొంచెం మిగిలిపోయింది. ఇరవై రెండేళ్ల పెళ్లికూతురు ఆ చిన్న ఫోటోలోంచి నవ్వుతూ చూసింది.

అది అతికించేటప్పుడు అత్త పక్కనే ఉంది. అన్నం మెతుకు చిదిమి ఆ గడిలో పూసింది కూడా ఆమే. అత్తా, నీ ఫోటో పెడదామా అని ఒక్క మాట అడగవలసింది నేను. నాకు ఆ ఆలోచన రాలేదని ఇంతకాలం అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. వచ్చింది. వచ్చింది గానీ, జీవితంలో మొదటిసారి నాకూ ఒక కాగితం మీద అమ్మ ఉండబోతోంది. ఆమె అందంగా ఉంది. నాకు ఆమే కావాలనిపించింది. బడిలో గరిటె తిప్పి తిప్పి చేతులు నల్లబడ్డ మనిషి ఫోటో అక్కడ వద్దనిపించింది. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

హాస్టల్లో చేరిన మొదటి వారంలోనే మా గదిలోని ముగ్గురు పిల్లలు గేటు దగ్గర కార్డులు చూశారు. మీ అమ్మ ఎంత బాగుంది, మీ అక్కలా ఉంది అన్నారు. నేను అవునన్నాను. ఆమె ఎప్పుడు వస్తుందని అడిగారు. పొలం పనులు, తీరిక ఉండదన్నాను. అబద్ధం ఇంత సులువా అని నాకే ఆశ్చర్యమేసింది. అర టికెట్టు కూడా ఒప్పుకోని మనిషి పెంచిన పిల్లను నేను.

రెండో ఆదివారాల్లో నాయన ఒక్కడే వచ్చేవాడు. వచ్చి హాలులో నిలబడి ఐదు నిమిషాలు మాట్లాడి, నేల చూస్తూ వెళ్లిపోయేవాడు. ఆదివారమంటే అత్తకు గుడి. గుడి తాళాలు ఆమె దగ్గరే ఉండేవి, తెల్లవారకముందే పోయి ఊడ్చి చాపలు పరిచేది. ఒక్క ఆదివారం కూడా మానేసి ఎరగదు. పైగా ఆమెను గేటు దాటనివ్వరు. అందుకే రాదనుకున్నాను. మామూలు ఆదివారాల్లో ఫోనులో మాట్లాడితే, "తింటాండావా పాపా? నిద్ర పోతాండావా?" అని రెండే అడిగేది. నేను రెండింటికీ ఊఁ కొట్టి ఫోను నాయనకు ఇవ్వమనేదాన్ని. వెనక వరుసలో మిగతా పిల్లలు ఎదురుచూస్తూ ఉంటారు, అత్తతో ఏం మాట్లాడతామని.

డిసెంబరులో రెండో ఆదివారం నాయన కూడా రాలేదు. వరికోతలు జరుగుతున్నాయి, వేరేవాళ్ల పొలాల్లో కూలి చేసే మనిషికి కోతల్లో ఊపిరాడదు. నాకు ఆ సంగతి తెలుసు. తెలిసీ అలిగాను. గదిలో మిగతా ముగ్గురి అమ్మలూ వచ్చారు. వాళ్లు కిందికి పోయి వస్తుంటే నేను తలంటుకుని, కిటికీ దగ్గర కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటూ, మా వాళ్లకు నేను లెక్కలేదని పొద్దంతా ఏడ్చాను. కూర్చుంటే ఆ కిటికీలోంచి ఆకుపచ్చ రంగే తప్ప ఏమీ కనిపించదు. నిలబడి ఉంటే రోడ్డు కనిపించేది.

తర్వాతి ఆదివారం ఫోను చేస్తే నాయన కర్నూలులో ఉన్నానన్నాడు. అత్తకు గుండె బాగలేదని ఆళ్లగడ్డ డాక్టరు పెద్దాసుపత్రికి రాశాడట. చిన్న పరీక్షలే, నువ్వు రావద్దు, పరీక్షలు రాసుకో అన్నాడు. అత్తకు ఫోను ఇవ్వమని అడిగాను. పడుకుందన్నాడు. అదే వారంలో వార్డెన్ నన్ను తరగతి నుంచి పిలిపించి, బ్యాగు సర్దుకోమంది. ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది, దాంతో తెలిసిపోయింది.

క్రిస్మస్ కోసం రంగు కాగితాలు కట్టి ఉన్న గుడిలోనే అత్తను పడుకోబెట్టారు. ఆ కాగితాలు కత్తిరించిందీ ఆమేనట, కర్నూలు పోకముందు. బడి పిల్లలంతా వచ్చి అత్తా అని ఏడుస్తుంటే నాకు మళ్లీ చిన్నప్పటి కోపమే వచ్చింది. మీకేం హక్కుందని అరవాలనిపించింది. సమాధి దగ్గర నేను ఎందుకు ఏడవడం లేదని ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మట్టి వేసి ఇంటికి వచ్చాక నాయన నా పక్కన కూలబడ్డాడు. నా తల నిమిరి, ఓదార్చడానికే అన్నాడు.

"కర్నూలుకు పోయే ముందు దినం నంద్యాలకొచ్చి నిన్ను చూసిపాయ గదా పాపా. గుడి కూడా మానుకోని వచ్చింది. పాప బాగుండాది, ఒళ్లు చేసింది అని చెప్పినాది నాకు. అదొక్కటి మేలు."

నేను నాయన ముఖంలోకి చూశాను. అత్త రాలేదు, నన్ను చూడలేదు అని నోటిదాకా వచ్చింది. అతని దగ్గర ఆ ఒక్క మేలు తప్ప వేరే ఏమీ మిగల్లేదని కూడా కనిపించింది. అవును నాయనా అన్నాను. అత్త అబద్ధం చెప్పిందా అనే ఆలోచన మాత్రం నా బుర్రకెక్కలేదు. నాయనే ఏదో పొరపాటుగా విన్నాడనుకున్నాను.

మూడోనాడు పాస్టరమ్మ వచ్చింది. కూర్చుని ప్రార్థన చేసి, లేచేటప్పుడు ఒక సంగతి చెప్పింది. మా గుడిలో ఆడవాళ్ల కూడికలో ఎవరి మనసులో ఏముంటే అది లేచి నిలబడి చెప్పి ప్రార్థన అడగడం అలవాటు. కర్నూలుకు బండెక్కే ముందు అత్త పాస్టరమ్మ ఇంటికి పోయి ఆడవాళ్లను పిలిపించమందట. వాళ్ల ముందు నిలబడి, నిన్న నేను రెండు అబద్ధాలు ఆడాను, పోయినచోట ఒకటి, ఇంటికొచ్చి ఒకటి, నాకోసం ప్రార్థన చెయ్యండి అని అడిగిందట. అవేమిటో చెప్పలేదట. "ఆ మనిషి అబద్ధమాడేది నేను ఎన్నడూ చూల్యా. నీకేమన్నా తెలుసా పాపా?" అని పాస్టరమ్మ నన్నే అడిగింది. తెలియదన్నాను. ఇంటికొచ్చి ఆడిన అబద్ధం ఏదో అప్పటికి అర్థమైంది. పోయినచోట ఆడింది ఏమిటో తెలియలేదు.

జనవరిలో నాయన నన్ను తిరిగి హాస్టల్లో దింపడానికి వచ్చాడు. గేటు దగ్గర కాపలా ఉండేది మహానంది వైపు ఊరి ముసలాయన. వచ్చినవాళ్ల రిజిస్టరు తీసి ముందు పెట్టాడు. నాయన సంతకం పెట్టి, ఆటోలోంచి పెట్టె దించడానికి వెళ్లాడు. ఊరికే నిలబడలేక నేను ఒక పేజీ వెనక్కి తిప్పాను.

అక్కడ అత్త చేతిరాత ఉంది. ఆమెకు అక్షరాలు నేర్పింది నేనే, మూడో తరగతిలో ఉన్నప్పుడు, పలక మీద. త రాసినప్పుడల్లా దాని తోక కిందికి లాగేది, ఎన్నిసార్లు చెప్పినా మానలేదు. రెండో ఆదివారం. మొదట ఆమె పేరు, దాని పక్కన నా పేరు. సంబంధం అన్న చోట అత్త అని రాసి ఉంది. దాని మీద ఒక గీత కొట్టి ఉంది. పక్కన తల్లి అని రాసి ఉంది. ఆ వరుస చివర వేరే చేతిరాత, ఎర్ర సిరాతో: ఫోటో సరిపోలేదు, పంపలేదు.

కాపలా తాతను అడిగాను. అతను గుర్తుపట్టి, ఆ యమ్మనా అన్నాడు.

"ముందు అత్తనే అని చెప్పినాదమ్మా. అత్తలకు లేదు, అమ్మానాయనకే అంటి. శానాసేపు నిలబడింది. మళ్లా వచ్చి, అమ్మనే అప్పా, అమ్మ అనే రాస్తా అనె. కార్డు తీసి చూస్తి. ఈమె నువ్వు కాదు గదమ్మా అంటి. ఫోటో పాతది అప్పా, అప్పుడు పడుచుదాన్ని అనింది."

తర్వాత ఏమైందని అడిగాను. ఏముంది, నా ఉద్యోగం పోతుంది తల్లీ అని దండం పెట్టానన్నాడు. మరి కూచునేకి చోటన్నా చూపించప్పా, పాప కిటికీ కాడికొస్తే చూసి పోతా అని అడిగిందట. లోపల కుదరదన్నాడు. రోడ్డుకు అవతల మురికికాలువ మీద వేసిన బండ ఉంది. దాని మీద పోయి కూర్చుందట. మధ్యాహ్నం అన్నం గంట కొట్టే దాకా భవనంకేసి చూస్తూనే ఉందట. పోయేటప్పుడు జొన్నరొట్టెలు, శనక్కాయల పొడి ఉన్న మూట అతనికే ఇచ్చింది. పాపకు ఇవ్వడానికి లేకపోతే నువ్వన్నా తినప్పా అందట. "తింటినమ్మా, అబద్ధమెందుకు," అన్నాడు ముసలాయన.

అప్పుడు ఏడ్చాను. సమాధి దగ్గర రానిదంతా అక్కడ గేటు దగ్గర వచ్చింది. పెట్టెతో వచ్చిన నాయన, అత్త మీద బెంగ అనుకుని వీపు నిమిరాడు. ఆయనకు చెప్పలేదు. నన్ను చూసిపోయిందన్న ఆ మేలు ఆయన దగ్గరే ఉండనిద్దామనుకున్నాను. గదిలోకి పోయి కిటికీ దగ్గర నిలబడి చూశాను. ఆకుపచ్చ రంగు పైనుంచి ఆ బండ చక్కగా కనిపిస్తుంది. ఆరోజు ఒక్కసారి లేచి నిలబడి ఉంటే సరిపోయేది. నా వాళ్లకు నేను లెక్కలేదని ఏడుస్తూ కూర్చున్నాను.

ఆ రాసిన మాట గురించి నేను చాలా ఆలోచించాను. నన్ను పెంచిన పదహారేళ్లలో ఒక్కరోజు కూడా ఆమె తనను అమ్మనని చెప్పుకోలేదు. నేను పిలిచినా ఒప్పుకోలేదు. ఒక్కసారి చెప్పుకుంది, రోడ్డు పక్కన, ముక్కూ మొహం తెలియని మనిషికి. అతను ఫోటో చూసి కాదన్నాడు. ఆమె దాన్ని అబద్ధమనుకుని కూడికలో లేచి ప్రార్థన అడిగింది. అది అబద్ధం కాదు అత్తా అని చెప్పవలసిన మనిషిని నేనొక్కదాన్నే.

జూన్‌లో రెండో ఏడాదికి మళ్లీ దరఖాస్తు నింపాలి. నాయనా నేనూ ఆఫీసులో ఆ మేడమ్ ముందే నిలబడి నింపాం. మళ్లీ అవే రెండు గడులు. నాయన జేబులోంచి కాగితంలో చుట్టిన ఫోటోలు తీశాడు, స్టూడియో అతను ఇచ్చిన వాటిలో మిగిలినవి. నేను తల్లి గడి మీద చెయ్యి అడ్డం పెట్టి, నా పుస్తకంలోంచి అత్త ఫోటో తీశాను. బడిలో వంటమనిషిగా ఆమెకిచ్చిన కార్డు మీదిది, పీకితే మూలన స్టాంపు ముద్ర సగం మిగిలింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. నాకు తెలుసు.

మేడమ్ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూసింది. పోయినేడు వేరే ఫోటో ఉంది కదా, ఇద్దరిలో మీ అమ్మ ఎవరు అంది. ఈమె అని అత్తను చూపించాను. నాయన నాకేసి చూశాడు గానీ కాదనలేదు. ఈమె రెండో ఆదివారం వస్తుందా అని అడిగింది. రాదు మేడమ్, చనిపోయింది అన్నాను. మరి పోయినేటి ఆమె అంది. ఆమె ఇంకా ముందే చనిపోయిందన్నాను.

మేడమ్ కోపంగా ఏమీ అనలేదు. పెన్ను కింద పెట్టి, నిజంగానే అర్థంకాక అడిగింది.

"పోయినోళ్ల ఫోటోలు పెట్టుకుంటే నిన్ను చూసేకి ఎవరొస్తారమ్మా?"

నాయన నెమ్మదిగా, ఈమె వచ్చింది కదమ్మా డిసెంబరులో, పాపను చూసిపోయింది అన్నాడు. ఇక నావల్ల కాలేదు. "చూల్యా నాయనా," అన్నాను. "అత్తను లోపలికి రానీల్యా. గేటు కాడనుంచే తిరిగిపాయ."

ఆయన చేతిలోని అమ్మ ఫోటోలు మళ్లీ కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. యాడ కూచున్యాది మరి అని అడిగాడు. చెప్పాను. ఆఫీసులోంచి బయటికి నడిచి, గేటు దాటి, రోడ్డు అవతలికి పోయి, ఆ బండ మీద కూర్చుని భవనంకేసి తలెత్తి చూశాడు. నేనూ పోయి పక్కన కూర్చున్నాను. అక్కడినుంచి నా కిటికీ కనిపిస్తోంది, కింది సగం ఆకుపచ్చగా.